బోరు కోసం నేను చూపించిన మూల

మా గల్లీలో కొత్తగా దిగినవాళ్లకు ఒక మాట చెబుతారు. కర్రీ పాయింట్ అక్క పెరట్లో పల్లపు మూల మంచిది కాదట, అక్కడ నీళ్లు పడవట. ఆ మూలలో బోరు వేయించింది నేను. పొరపాటు నాదని ఎక్కడో ఒకచోట రాసిపెట్టకపోతే నింద నేల మీదే ఉండిపోతుంది.

పదో తరగతితో బడి మానేసి నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి చేరాను. మిగతా చదువంతా ఉప్పల్ గ్రంథాలయంలోనే. మనం దక్కన్ పీఠభూమి మీద ఉన్నామని, ఇంటి కింద ఉన్నదీ మౌలాలి గుట్టగా పైకి కనిపించేదీ ఒకే పాత గ్రానైట్ రాయని అక్కడే చదివాను. గుట్టలు వాటంతట అవే ఏర్పడ్డాయి. చెరువులు అలా కాదు. వాన తక్కువ కాబట్టి మనుషులు వాలు చూసి కట్టలు కట్టుకున్నారు. కాప్రా చెరువు నిండితే నీళ్లు నాచారం వైపు దిగి, ఉప్పల్ మీదుగా మూసీ దారి పడతాయి. ఇదంతా షేర్ ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా చెప్పేవాణ్ని.

ఆ ఎండాకాలం అక్క బోరు ఎండిపోయింది. భర్త పోయాక ఇంటి ముందు గదిలో కూరలు వండి అమ్ముతూ ఇల్లు నడుపుతోంది. ట్యాంకర్ వచ్చిన రోజు వంట, రాని రోజు షట్టర్. కొత్త బోరు పడకపోతే దుకాణం ఎత్తేయాల్సిందే.

"నువ్వు గిన్ని బుక్కులు సదివినవ్ కద తమ్మీ, ఏడ ఏద్దామో నువ్వే జెప్పు" అంది.

నీరు పల్లానికి పోతుంది కాబట్టి పల్లపు మూల చూపించాను. ఎదురింటి తాత ఒకప్పుడు బండలు కొట్టినవాడు. సుత్తి తెచ్చి, నేను చూపించిన చోట పైకి తేలిన రాతి మీద కొట్టాడు. గంటలా మోగింది. ఎగువన గోడ పక్క రాతి మీద కొట్టాడు. పగిలిన కుండలా మొద్దుగా పలికింది.

"కింద మూలకు ఒక్కటే బండ ఉన్నది. నీళ్లు ఏడికెల్లి దూరుతయ్? గోడ పక్కపొంటి పగిలిన రాయి ఉన్నది, ఆడ ఎయ్యిన్రి."

"మిట్ట మీద నీళ్లేంది తాతా?" అని నవ్వాను.

"నీ బుక్కు రాసినోడు మన గల్లీకి ఎన్నడన్న వచ్చిండా?"

"జర ఊకోరాదే తాతా, గాయన సదివినోడు" అంది అక్క. ఆ మాట నాకు చాలా బాగా అనిపించింది.

బోరు బండి వచ్చింది. మాట్లాడుకున్న లోతులో సగం దిగినా తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అక్క మొహం, కొంగు దుమ్ము కొట్టుకుపోయాయి. "ఇంకా దింపాలా, ఆపాలా?" అని డ్రైవర్ అరిచాడు. అక్క నా వైపే చూసింది. ఇంకాస్త దింపితే పడుతుందని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. రాయిలో నీరు ఉండేది చీలికల్లోనే అని నేను కూడా చదివాను. చదివి, చెరువులకు చెల్లే లెక్కను బండకు పెట్టాను.

"ఆపి, తాత చెప్పిన కాడ ఏపియ్యి అక్కా" అన్నాను.

మిగిలిన లోతు గోడ పక్కన దింపారు. చాలాసేపటికి దుమ్ము ముద్దగా మారింది, తర్వాత బురద, ఆ తర్వాత సన్నటి ధార. పెద్ద ధార కాదు, పొయ్యి ఆరకుండా ఉండటానికి సరిపడేంత.

అక్కకు ఇష్టం లేదు కాబట్టి ఇందులో ఎవరి పేర్లూ రాయలేదు. అడిగిన పుస్తకమల్లా వెతికిచ్చిన గ్రంథాలయం మేడమ్‌కు, సగంలో బండిని జరపడానికి ఒప్పుకున్న డ్రైవర్‌కు రుణపడి ఉన్నాను. తాతకు ఆ మాట ఎదురుగానే చెప్పాను. "అయితే ఆ సుత్తి పట్టు, నేర్పుత" అన్నాడు. అక్క మాత్రం ఆ రోజు దుమ్ము గురించి నన్ను ఒక్క మాట అనలేదు. అందరికంటే ముందు ఆమెకే దండం.