ఆల్సీడ్ గంబో మీద అప్పీలు

న్యూ ఆర్లీన్స్ పెద్ద కోర్టులో ముగ్గురు జడ్జీలు ఆల్సీడ్ వెర్డిన్ కాచిన గంబో పులుసు తాగి, లొట్టలేసుకుంటూ కేసు కొట్టేశారని మా బేయూ కాలవ గట్టున ఒకటే పుకారు. శుద్ధ అబద్ధం. వాళ్ళు ఆ పులుసు వాసనైనా చూడలేదు. కేసూ కొట్టెయ్యలేదు.

ఆల్సీడ్ అడవి బాతుల్ని వేటాడి, గంబో కాచి, పడవల షెడ్డులో గిన్నెల లెక్కన అమ్మేవాడు. బాతుని మనం కొట్టి మనమే తింటే ఎవరూ ఏమీ అనరు. అమ్మితే మాత్రం ఫెడరల్ నేరం. ఓ రోజు కొత్త మనిషొకడు వచ్చి రెండు గిన్నెలు ఖాళీ చేసి, మూడోది అడిగి మరీ తాగి, మూతి తుడుచుకున్నాక వన్యప్రాణి శాఖ బిళ్ల చూపించాడు.

"బాగుందని ఓ మాట అని, ఆ తరవాత పట్టుకోవచ్చు కదయ్యా!" అన్నాడు ఆల్సీడ్.

కింది కోర్టు జడ్జి అతన్ని ఎదురుగా నిలబెట్టి, జైలు అక్కర్లేదు, రెండేళ్ళు బుద్ధిగా ఉండు, తుపాకీ ముట్టకు అన్నాడు. ఆల్సీడ్ తలాడించాడు. తీరా తీర్పు కాగితం వచ్చాక చూస్తే అందులో ఇంకో ముక్క ఉంది: జనం చేరేచోట గంబో వండరాదు!

అక్కడ పడింది దెబ్బ. చర్చి గంబో పోటీలో మా గట్టు తరఫున కుండ కలిపే పెద్ద గరిటె ఏటా అతనిదే. తీర్పొచ్చిన వారానికే పోటీ. గరిటె కాస్తా అతని పెళ్ళాం అక్క యూలాలీ చేతికి పోయింది. పులుసు చిక్కదనానికి వేయించే పిండి సరిగ్గా వేగలేదు, బెండకాయ జిగురు తీగలు సాగుతోంది. ఆల్సీడ్ ఆవిడ పోసిందల్లా తాగాడు.

"ఎలా ఉంది మరిదీ?"

"వేడిగా ఉంది వదినా."

మర్నాడే అప్పీలు వేశాడు.

పెద్ద కోర్టులో అతన్ని నోరు మెదపనివ్వరు. చావులకు తొడిగే సూటు వేసుకుని వెనక బల్ల మీద కూర్చున్నాడు. వకీలమ్మే మాట్లాడింది.

"ఇంట్లో వండుకోవచ్చుగా?" అన్నాడో జడ్జి.

"వండుకోవచ్చండీ. కానీ వాళ్ళింట్లో కుండ మూత తీస్తే చాలు, వీధి వీధంతా వాలిపోతుంది. అది జనం కిందికి రాదంటారా?"

జడ్జీలు నవ్వారు. గెలిపించింది ఆ నవ్వు కాదు. నేరం, శిక్ష అలాగే ఉంచారు. ముద్దాయి ఎదుట నోటితో చెప్పని షరతును తరవాత కాగితంలో ఇరికిస్తే చెల్లదని ఆ ఒక్క ముక్కా తీసేయించారు.

ఈ ఏడు పెద్ద గరిటె మళ్ళీ ఆల్సీడ్ చేతికొచ్చింది. కుండలో కోడే, బాతు కాదు. యూలాలీ నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడింది.

"నిజం చెప్పు మరిదీ. జైలు లేదన్నాక కూడా అంత పెద్ద కోర్టు ఎందుకెక్కావు?"

ఆల్సీడ్ కలపడం ఆపలేదు.

"జైలు లేదంటే నేనూ సంతోషించాను వదినా. ఆ తరవాత నీ గంబో తాగాను."