మైకు ఆపించని టీచరమ్మ

శుక్రవారం ఉపవాస ప్రార్థనకు చాప పరుస్తుంటే కబురు వచ్చింది. మా పక్కింటి టీచరమ్మగారు ప్రభువులో నిద్రించారని ఆసుపత్రి నుంచి వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. పరిచిన చాప మీదే కూర్చుండిపోయాను. ఆ రోజు ప్రార్థనలో చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

మీలో చాలామందికి ఆవిడ తెలియకపోవచ్చు. చోడవరంలో ఆడపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కరోనాకి బడులు మూసేసినప్పుడు, పదో తరగతి పిల్లలు ఏమైపోతారోనని బెంగపడి, కొడుకు దగ్గర ఫోన్‌లో క్లాసు పెట్టడం నేర్చుకున్నారు. మా చిన్నమ్మాయి, బుచ్చయ్యపేట, కె.కోటపాడు వైపు పిల్లలు రోజూ సాయంత్రం అందులో చేరేవారు.

మొదట్లో డబ్బాకి ఫోన్ ఆనించి, బడిలోలాగే గంటసేపు చెప్పుకుపోయేవారు. "అర్థమైందా?" అంటే "అయింది టీచర్" అని అందరూ ఒకటే పాట. తీరా పరీక్ష పెడితే ఎవరికీ రాలేదు. ఆవిడ పిల్లల్ని ఏమీ అనలేదు. గోడ దగ్గరకొచ్చి నాతో అన్నారు.

"అమ్మాయ్, అర్థమైందా అని అడక్కూడదే. అలాగడిగితే అవుననక ఏటంటారు, పాపం! సూపించమనాల."

మర్నాటి నుంచి పలకలు వచ్చాయి. లెక్క ఇచ్చి, ఆవిడ నోరు మెదపకుండా కూర్చునేవారు. పిల్లలు చేసి పలక ఫోనుకు ఎదురుగా ఎత్తాలి. ఒక పిల్ల, తన ఫోన్‌లో అంకెలు తిరగబడి కనిపిస్తున్నాయని పలక మీదే తిరగేసి రాసింది.

"ఓలమ్మో! నీకు తిన్నగా అగుపడక్కర్లేదే, నాకు అగుపడాల!" అని ఆవిడ నవ్విన నవ్వు మా వంటింట్లోకి వినిపించింది.

అలా సాగుతుండగా ఒక సాయంత్రం, చెరుకుతోట నీళ్ళ వంతు దగ్గర మా ఆయనకీ మా మరిదికీ మాట పెరిగింది. ఇంట్లోనే ఒకరినొకరు తిట్టుకున్నారు. అదే సమయానికి మా అమ్మాయి మైకు తెరిచి టీచరమ్మకు లెక్క అప్పజెబుతోంది. ఆ తిట్లన్నీ క్లాసులో అందరూ విన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారట కూడా. పిల్ల ఫోన్ మంచం మీద పడేసి దుప్పటి ముసుగు పెట్టుకుంది.

"నేనింక ఎల్లనమ్మా. అందరూ ఇనేసేరు."

బతిమాలితే మళ్ళీ క్లాసులో చేరింది గానీ వీడియో లేదు, మైకు లేదు, పలక ఎత్తడం లేదు. మా పెద్దమ్మాయి చదువు తొమ్మిదో తరగతితోనే ఆగిపోయింది. ఇదీ ఇక్కడితో ఆగిపోతుందేమోనని నా భయం. మోకరించి దేవుడికి చెప్పుకున్నాను గానీ, సిగ్గుతో గోడవతల మనిషికి చెప్పలేకపోయాను.

ఆవిడ ఆ గొడవ మాటే ఎత్తలేదు. ఒకరోజు క్లాసు మొదలుపెడుతూ, "అందరూ మైకులు తెరవండి. మాటాడకండి. ఊరికే ఇనండి" అన్నారు. ఒకరింట్లో కుక్కరు కూత, ఒకరింట్లో మేకపిల్ల, ఒకరింట్లో తాతగారి దగ్గు. ఇంతలో టీచరమ్మ ఇంట్లోంచే వాళ్ళాయన కేక.

"నా కళ్ళజోడెక్కడెట్టేసేవు? ఈ కొంపలో ఒక్క వస్తువు దొరికి సావదు!"

పిల్లలంతా గొల్లుమన్నారు. నవ్వులు ఆగేదాకా ఊరుకుని ఆవిడ అన్నారు: "బడికి గోడలుంటాయి. దీనికి లేవు. మనం ఒకరింటికొకరు సుట్టాల్లాగ వచ్చి కూకున్నాం. సుట్టపుసూపుకొచ్చినోళ్ళు ఇన్నది మోసుకెళ్ళకూడదు."

ఆ తర్వాత ప్రతి క్లాసూ అలాగే మొదలయ్యేది. అయినా మా అమ్మాయి మైకు మాత్రం తెరుచుకోలేదు. "వీడియో పెట్టమని మీరైనా చెప్పండి టీచరమ్మగారూ" అని చివరికి నేనే అడిగాను.

"వద్దు. లోపల గెడేసుకున్న తలుపుని బయటినుంచి నెట్టకూడదమ్మాయ్" అన్నారు.

కొన్నాళ్ళకు క్లాసు మధ్యలో గోడ మీదుగా పెద్ద కేక. "ఒసే గుంటా! నా ఫోన్ ఆగిపోనాది. ఆళ్ళు అలాగే కూకునున్నారు. ఆ లెక్క మిగతాది నువ్వు సెప్పీయే!"

మా అమ్మాయి నా ముఖం చూసింది. నేను మనసులో ప్రార్థన చేసుకుంటున్నాను. అది ఫోన్ తీసుకుని, వణికే గొంతుతో మొదలుపెట్టింది. రెండు మెట్లు చెప్పాక వణుకు తగ్గింది. ఆఖరున "ఏటే, పలకలెత్తండి మరి!" అని గదమాయించింది. గోడ అవతల టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ ఫోన్ నిజంగా ఆగిందో లేదో నేను అడగలేదు. అడిగినా చెప్పే మనిషి కాదు.

మా అమ్మాయి ఇప్పుడు అనకాపల్లిలో నర్సింగు చదువుతోంది. భూస్థాపనకు వచ్చింది. పాస్టరు అయ్యగారి ప్రార్థన అయ్యాక, "అమ్మా, నీరసంగా ఉందా? మంచినీళ్ళు తాగుతావా?" అని నన్నడిగింది. ముందు నిలబడ్డ అమ్మాయి ఆ మాటకు గిర్రున తిరిగింది.

"ఒసే, నువ్వా! నీ మొకం మరిసిపోనాను గానీ గొంతు బట్టి పోల్చేసేను. నాది బుచ్చయ్యపేట!"

ఇంకో అమ్మాయి వచ్చింది, మరో అమ్మాయి వచ్చింది. ఏడాది పాటు కలిసి చదువుకున్న పిల్లలు ఒకచోట నిలబడటం అదే మొదలు. చేతులు పట్టుకుని కాసేపు ఏడ్చారు. మాటల్లో పడ్డాక నవ్వారు కూడా. పొద్దు వాలుతుండగా బస్సు ఎక్కించి వస్తానని మా అమ్మాయి వాళ్ళతో కలిసి ఆటో ఎక్కింది. నేను సమాధుల తోట గేటు దగ్గర నిలబడ్డాను. ఆటో చక్కెర ఫ్యాక్టరీ రోడ్డు మలుపు తిరిగాక కూడా వాళ్ళ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. అన్నింటికన్నా మా అమ్మాయి గొంతే పెద్దగా ఉంది.