గోరింటాకు పెట్టిన వేళ్ళు

నిన్న పొద్దున నాచారంలో మా పక్కింటి పాప రెండు చేతులా గోరింటాకు ముద్దలతో మా గడపలో నిలబడింది. "అమ్మమ్మా, ముక్కు దురద పెడ్తున్నది, జర గోకవా?" అంది. గోకాను. పొయ్యి మీద పప్పు మాడిపోయింది. ఆ వాసన నా ముక్కుకు అందలేదు, ఆకు వాసనే అందింది.

నా బిడ్డకు తొలిచూలు ఆడపిల్ల. రాష్ట్రం కోసం బందులు నడుస్తున్న రోజులవి. మేమప్పుడు ఉప్పల్‌లో ఉండేవాళ్ళం. పిల్ల పాలు తాగుతుంటే ఆయాసం, నుదుటి నిండా చెమట. పెద్ద దవాఖానాలో డాక్టరమ్మ చూసి, ఊపిరితిత్తుల నుంచి గుండెకు మంచి రక్తం తెచ్చే నరాలు పుట్టుకతోనే సన్నగా ఉన్నాయని చెప్పింది. "మా గల్లీ నల్లా పైపు లెక్కనా?" అన్నాను. అప్పటికి రాత్రి బడిలో నాకు అక్షరాలొచ్చి ఏడాదైనా కాలేదు గానీ, నీళ్ళు రాని పైపు సంగతి బాగానే తెలుసు. ఆపరేషన్ చేసి వెడల్పు చేశారు. మళ్ళీ మూసుకుంటాయా అని అడిగితే ఆమె దాచలేదు. "ఎందుకు మూసుకుంటాయో మాకే సరిగ్గా తెలీదమ్మా. ఈ జబ్బు చాలా అరుదు. అందుకే దొరికిన ప్రతి బిడ్డనూ గమనిస్తూ పరిశోధన చేస్తున్నాం. మీ పాపనూ చేర్చుకోమంటారా? తనకు మేలవుతుందని మాత్రం మాటివ్వలేను." నా బిడ్డ నా మొహంలోకి చూసింది. "చేర్చుకో డాక్టరమ్మా. గని సూదులు తక్కువ గుచ్చు," అన్నాను.

ఆషాఢం వచ్చింది. తొలి ఆషాఢానికి ఆడపిల్ల చేతులు బోసిగా ఉంచుతామా? ఆకు రుబ్బి, నిద్రపోతున్న పిల్ల వేళ్ళన్నింటికీ, పాదాలకూ పెట్టి, మిగిలింది నేను పెట్టుకున్నాను. తెల్లారి పరిశోధన వాళ్ళు రమ్మన్న రోజు. రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చెప్పే ఎర్ర దీపం క్లిప్పు వేలికి పెడితే అంకె నిలవలేదు. కాలికి పెట్టినా అంతే. డాక్టరమ్మ పిల్ల అరచేయి తిప్పి చూసింది.

"ఎవరమ్మా పెట్టింది?"

"నేనే. మస్తు పండింది గదా?"

"పండింది. మా మిషన్‌కే ఏమీ కనబడట్లేదు."

"నీ తెలివి సల్లగుండ! ఒక్క వేలన్న ఇడిసిపెట్టకపోతివి!" అని నా బిడ్డ నెత్తి కొట్టుకుంది. అందరం నవ్వాం. క్లిప్పు చెవి తమ్మెకు పెట్టారు. అంకె నిలిచింది. తక్కువ దగ్గర నిలిచింది. ముందుగా డాక్టరమ్మ నవ్వు ఆగింది. నరాలు మళ్ళీ మూసుకుంటున్నాయి.

పిల్ల గోళ్ళ మొదట్లో పిసరంత కొత్త గోరు తెల్లగా కనిపించింది, అంతే. పిల్ల పోయింది. అదే ఆకు, అదే పూట పెట్టుకున్నది, నా గోళ్ళ మీద మాత్రం మెల్లగా కొసకు జరుగుతూ పోయింది. నేను గోళ్ళు తీయలేదు. పిండి కలిపితే ఇరుక్కునేది. నా బిడ్డ చూసి కూడా తీయమని అనలేదు. ఇల్లు నాచారానికి మార్చాం. తర్వాత రాష్ట్రమూ వచ్చింది, గల్లీలో పటాకులు కాల్చారు.

ఆ పరిశోధన ఎందాకా వచ్చిందో నాకు తెలీదు. మా పిల్లను చూసి నేర్చుకున్నది ఏ తల్లి బిడ్డకో అక్కరకొచ్చే ఉంటుంది, రావాలి. కానీ అది పుట్టింది ఇంకొకరికి పాఠం కావడానికి కాదు, గోరింటాకు చేతులతో వచ్చి ముక్కు గోకమనడానికి. ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం, మెట్ల మీద కూర్చుని, గోటి కొసన మిగిలిన ఆ ఎరుపు తీసేశాను. కాలం దానంతటదే గడిచిపోతుందంటారు. ఆ పూట మాత్రం నా చేత్తో నేనే కత్తిరించుకున్నాను.