లెన్సుకి తిన్నగా కనిపించిన మంచుబండి

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్ బండరాళ్ల మధ్య మేము ఏ కాలంలో కావాలంటే ఆ కాలంలో మంచు కురిపించేవాళ్లం. నేల మీద ఉప్పు, థర్మోకోల్ పొట్టు, వెనక గుడ్డ మీద రంగులతో వేసిన హిమాలయాలు ఉంటే చాలు, మండుటెండల్లో కూడా హీరోగారు స్వెట్టరు వేసుకుని వణికేవారు. పాలిటెక్నిక్ చదివి, కృష్ణానగర్‌లో సెట్లు కట్టే ఒక వడ్రంగితో ఇరుకు గది పంచుకుంటూ, నేను ఆర్ట్ డైరెక్టరుగారి దగ్గర అసిస్టెంటుగా ఉండేవాణ్ని. ఆయన్ని గురువుగారనేవాణ్ని. (నాకు కోపం అప్పటికే ముక్కు మీద ఉండేది. ఇప్పుడు తగ్గిందని నేనంటాను, మా ఆవిడ ఒప్పుకోదు.)

ఒక పాట కోసం ఎక్కడి నుంచో అసలు సిసలైన మంచుబండిని తెప్పించారు. దానికి ముందు చక్రాలుండవు. మంచు మీద జారే రెండు పొడవాటి పలకలుంటాయి, వాటిని స్కీలంటారు. వెనక రబ్బరు పట్టా తిరుగుతూ బండిని తోస్తుంది. మాకొచ్చిన బండి హ్యాండిల్ తిన్నగా పట్టుకున్నా పక్కకే లాగేది. "దీన్ని తిన్నగా నడిపించావంటే టైటిల్స్‌లో నీ పేరు వేయిస్తానోయ్" అన్నారు గురువుగారు. తెర మీద నా పేరు! సినిమాల్లో చేరి చెడిపోయానని ఊరంతా చెప్పుకుంటున్న మా పెదనాన్నని మొదటి ఆటకి తీసుకెళ్లి, ముందు వరసలో కూర్చోబెట్టాలని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను.

మంచు అనేదాన్ని నేను ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు. అయినా బండితో వచ్చిన బొమ్మల పుస్తకం ఒకసారి తిరగేసి, పుట్టి పెరిగింది ధ్రువ ప్రాంతంలోనే అన్నట్టు మాట్లాడడం మొదలుపెట్టాను. హ్యాండిల్ కదలకుండా తాడు కట్టాను. రబ్బరు పట్టా పక్కన ఒక తిన్నని చెక్క బద్ద ఆనించి, ఏ స్కీ ఎటు చూస్తోందో గమనించాను. హ్యాండిల్ నుంచి స్కీలకు వెళ్లే కడ్డీల నట్లు వదులు చేసి, కడ్డీ కొంచెం తిప్పడం, మళ్లీ కొలవడం. రెండు స్కీల మధ్య ఎడం వెనక కంటే ముందు గోరంత ఎక్కువ ఉండాలని పుస్తకంలో ఉంది. అలాగే ఉంచి నట్లు బిగించాను. నడిపి చూస్తే బండి గీత గీసినట్టు పోయింది. "మస్తు సక్కగ పోతాందిరా" అని మా వడ్రంగి మిత్రుడు వీపు చరిచాడు.

అప్పుడొచ్చారు కెమెరామన్‌గారు. వైడ్ లెన్సు బిగించి, కెమెరాని నేలకానించి బండికి ఎదురుగా పెట్టి, స్కీలు వంకరగా ఉన్నాయన్నారు. కెమెరాకి దగ్గరగా ఉన్న కొసలు లెన్సులో ఎడంగానే కనిపిస్తాయండీ అని చెప్పాను. పుస్తకం చూపించాను. బద్ద ఆనించి చూపించాను. ఆయన బద్ద వంక కూడా చూడలేదు. "జనం చూసేది నీ బద్దని కాదు, నా ఫ్రేముని" అన్నారు. గురువుగారు ఆయన చెప్పినట్టు చెయ్యమన్నారు. ఒళ్లు మండిపోయింది. ఆయన కెమెరాలో కన్ను పెట్టి ఇంకా లోపలికి, ఇంకా లోపలికి అంటుంటే నేను పళ్లు కొరుకుతూ కడ్డీలు తిప్పాను. చివరికి ఆయనకి తిన్నగా కనిపించే వేళకి స్కీల ముక్కులు రెండూ గుసగుసలాడుకుంటున్నట్టు దగ్గరకొచ్చాయి. పోనీ ఒకసారి నడిపి చూద్దామంటే, చదును చేసిన ఉప్పు చెదురుతుందని దానికీ ఒప్పుకోలేదు.

"అయితే నా పేరు వెయ్యకండి. ఆ లెన్సు పేరే వేసుకోండి" అన్నాను, అందరూ వినేలా.

గురువుగారు నన్ను కళ్ల ముందు నుంచి పొమ్మన్నారు. వెళ్లి హిమాలయాల వెనక నిలబడ్డాను, చేతిలో స్పానరుతో, కనపడని కెమెరామన్‌గారిని నోటికొచ్చినట్టు తిడుతూ. యాక్షన్ అని వినిపించింది. ఇంజను రొద దూరం పోవాల్సింది పోయి దగ్గరకొస్తోంది. బండి అటూ ఇటూ ముక్కు విసిరి, గిర్రున వెనక్కి తిరిగి, హీరోగారిని థర్మోకోల్ పొట్టులో దింపేసి (దెబ్బ తగల్లేదు, స్వెట్టరు మందం), హిమాలయాలను నిలువునా చీల్చుకుని నా పక్కనుంచి దూసుకుపోయింది.

డైరెక్టరుగారికి అది తెగ నచ్చేసి పాటలో ఉంచేశారు. అక్కడ హాల్లో ఈలలే ఈలలు. నా పేరు మాత్రం పడలేదు. నేను అడిగినవాటిలో సినిమావాళ్లు వెంటనే ఒప్పుకున్నది అదొక్కటే. పెదనాన్నని తీసుకెళ్లనే లేదు. "నీ పేరు నువ్వే తీయించుకున్నవ్ గదరా" అని వడ్రంగి మిత్రుడు ఎన్నాళ్లో బాధపడ్డాడు.

ఇప్పటికీ ఆ పాట టీవీలో వస్తుంది. వచ్చినప్పుడల్లా స్కీల ముందు ఎడం తక్కువైందని నేను అరుస్తాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, కొండ చిరిగే చోటు కోసం నిలబడుతుంది. చిరిగిన హిమాలయాల్లోంచి ఒక బక్కపల్చటి కుర్రాడు, తల నిండా జుట్టు, చేతిలో స్పానరు, నోరు ఇంత తెరిచి, ఒక్క క్షణం తెర మీద కనిపించి పోతాడు. "పేరెందుకండీ, మిమ్మల్నే వేశారుగా" అంటుంది. స్కీల సంగతిలో ఆ కుర్రాడి మాటే సరైనదని నాకు తెలుసు, అయినా నోరు జారకముందే వాణ్ని బయటికి పిలిచి ఓ టీ ఇప్పించాలనిపిస్తుంది.