తొమ్మిది కట్టలకు ఒకే అలుగు

తొమ్మిది రాతి కట్టల్లో ఏడు, రెండు బావుల్లో ఊట, మండువేసవిలోనూ పశువులు దిగి తాగిన ఒక మడుగు, నలభై ఒక్క ఇళ్లవాళ్లు రెండు వేసవులు మోసిన రాళ్లు: మా వాగు మీద పోయినవి ఇవి. మొన్న ఆవపల్లి నుంచి వస్తూ చూస్తే, తెగిన కట్ట పక్కనే పని పూర్తయిందంటూ హిందీలో, మా సర్కారు భాషలో, కొత్త బోర్డు పాతారు. ఒళ్లంతా రోత పుట్టింది.

నేను బడికి పోయినదాన్ని కాదు, ఆ బోర్డు కూడా వేరేవాళ్లు చదివి చెప్పిందే. బజారులో ఇప్పపువ్వు తూకంలో మోసపోకుండా ఉండటానికి లెక్క నేర్చుకున్నాను. ఆ లెక్క చూసే ఊరి నీటి సంఘంవాళ్లు మూరకొక ముడి వేసిన తాడు నా చేతికిచ్చారు. దానితో ప్రతి కట్టకూ అలుగు, అంటే మిగులు నీరు పొర్లిపోయే దారి, కొలిచేదాన్ని. అది ఎంత వెడల్పు ఉండాలో చెప్పే హక్కు మాత్రం వాగు చివర మడి ఉన్నవాళ్లదే, కట్ట తెగితే మునిగేది వాళ్లు కనుక. ఆ మడి మా అక్కది. ఆవిడకున్న వరి భూమి అంతే. పెద్దవాన వెలిసిన మర్నాడు వాగు వెంబడి నడిచి, గడ్డి ఎంతవరకు వాలిందో చూసి, ఒకదానికి ఆరు మూరలని, మరొకదానికి పదని చెప్పేది. పదకొండు వానాకాలాలు ఒక్క రాయి కదలలేదు.

తర్వాత సంఘాలు రద్దయి, పెత్తనమంతా రాజధానిలోని కార్యాలయానికి పోయింది. అక్కడి ఇంజనీరు ఒక నమూనా కాగితం తెచ్చాడు: అన్ని కట్టలకూ అలుగు మూడడుగులే, అంటే రెండు మూరలు, మిగతాది సిమెంటుతో మూసెయ్యాలి.

"ఏంది సారూ, తొమ్మిదింటికీ ఒక్క కొలతేనా? మీ ఇంట్ల అందరికీ ఒక్కటే చెప్పులా?" అంది అక్క.

"ఊపర్ సే ఆదేశ్ హై, దీదీ," అన్నాడాయన, పైనుంచి వచ్చిన ఉత్తర్వని.

"పైనుంచి వచ్చేది వానొక్కటే. దానికి దారి ఇడువుండ్రి."

అందరూ నవ్వారు. ఆయన కాగితం నాకు చూపించి, ఏ అంకె దేనిదో చెప్పాడు. సిమెంటు బస్తాలు, రాళ్లు, కూలిదినాలు అన్నీ కూడి చూశాను. ఎక్కడా తప్పు లేదు. కూడిక సరిపోతే పనీ సరైనదేననుకుని, ఊరి తరఫున సంతకం పెట్టాను.

"నీ లెక్క సరే చెల్లె, నీళ్లనడిగినవా?" అంది అక్క.

ఆనాటి నా గర్వం తలచుకుంటే ఆ కార్యాలయంవాళ్లకన్నా నామీదే ఎక్కువ అసహ్యం వేస్తుంది. ఆ శ్రావణంలోనే పైనుంచి మూడో కట్ట తెగింది, దాని ఊపుకు కింది ఆరూ తెగాయి. అక్క పది గుంటల మడి మీద అరడుగు ఇసుక మేట వేసింది. తీయించమని అర్జీ పెడితే, కట్టలు తమవేగాని మడి తమది కాదని జవాబివ్వడానికి రెండేళ్లు పట్టింది.

ఒకప్పుడు తప్పు జరిగితే తిట్టడానికి మనిషి ఎదురుగా ఉండేవాడు; తిట్లు తిన్నవాడే మర్నాడు రాయి ఎత్తేవాడు. ఇప్పుడు తిట్టాలన్నా రెండు రోజులు ప్రయాణం చెయ్యాలి, చేసినా అక్కడ ఆ సంవత్సరపు అధికారి మారిపోయి ఉంటాడు. సంతకం నాది కనుక ప్రతి వేసవీ అక్కతోపాటు నేనూ బండి తోలుతున్నాను. బండికి ఇరవై ఘనపుటడుగుల చొప్పున ఇసుక మొత్తం రెండు వందల డెబ్బై రెండు బండ్లు. మేము ఎత్తిపోసినవి ఎనభై అయిదు. ఆ కార్యాలయం మా అక్క మడిలోంచి ఇంకా ఎత్తవలసినవి నూట ఎనభై ఏడు.