జర్మన్ దొర కత్తికి గొలుసు, నాన్న పానాకి తాడు

ఈ ప్రయాణానికి కారణం తమ్ముడు సుధాకర్ నెల్లూరు నుంచి పంపిన ఒక ఫోటో. పోయినేడు చనిపోయిన మా నాన్న సమాధికి నల్లరాయి పలక చేయిస్తున్నాం. దాని మీద చెక్కడానికి స్టూడియోవాడు నాన్న ముఖానికి కోటు, టై తగిలించాడు. పద్దెనిమిదేళ్ళు ఇక్కడ గల్ఫ్‌లో స్కాఫోల్డింగ్ పని చేసి, భవనాల చుట్టూ ఇనుప పైపులు బిగించిన మనిషి ఆయన. కోటు ఏనాడూ తొడగలేదు. "రాయి చెక్కేవాడు ఆదివారం దాకే ఆగుతాడంట. ఏదో ఒకటి చెప్పక్కా," అన్నాడు తమ్ముడు. వద్దందామంటే, ఊళ్ళో నాన్నని సూపర్‌వైజరని చెప్పుకున్న అమ్మ గుర్తొచ్చింది. సరేనందామంటే మనసొప్పలేదు. సరిగ్గా ఆ వారమే, అబుదాబి మ్యూజియంలో మధ్యయుగాల నాటి ఒక జర్మన్ దొర సమాధి మీది రాతి బొమ్మని కొన్నాళ్ళపాటు ప్రదర్శనకు పెట్టారని చదివాను. చనిపోయిన మనిషిని రాతిలో ఎలా చూపించారో ఒకసారి చూద్దామనిపించింది.

ఆదివారం ఉదయం షార్జా అల్ నహ్దాలోని మా ఇంటి నుంచి టాక్సీలో బస్‌స్టాండుకి వెళ్ళి, ఏడింటి అబుదాబి బస్సు ఎక్కాను. టికెట్టు ముప్ఫై దిర్హామ్‌ల పైచిలుకు, ప్రయాణం రెండున్నర గంటలు. అబుదాబి బస్‌స్టాండులో రాజన్న బాబాయ్ ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు. జగిత్యాల దగ్గరి పల్లె ఆయనది, నాన్నతో పదకొండేళ్ళు ఒకే గ్యాంగులో పనిచేశాడు. ఇప్పుడు మఫ్రఖ్ కార్మికుల క్యాంపులో ఉంటున్నాడు. నాన్న పోయినప్పుడు పలకరించడానికి రాలేకపోయానని ఎన్నిసార్లో ఫోన్ చేశాడు. అందుకే ఆయన్నీ రమ్మన్నాను.

"దావీదన్న బిడ్డవు పిలిస్తె రానా? గని మ్యూజియంల నాకేం పని బిడ్డా? నన్నే అద్దాల పెట్టెల పెడ్తరేమో సూడు," అని నవ్వాడు.

అక్కడినుంచి మ్యూజియం ఉన్న సాదియాత్ దీవికి టాక్సీకి ముప్ఫై లోపే అయింది. పది గంటలకు తలుపులు తెరిచారు. టికెట్టు మనిషికి అరవై పైనే, బాబాయ్ తన డబ్బులు తీయబోతే నేను ఒప్పుకోలేదు.

బొమ్మ ఉన్న గదిలోకి అడుగుపెట్టాం. మసక వెలుతురులో నిలువెత్తు మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తలకి గుండ్రటి ఉక్కు టోపీ, దాని అంచు నుంచి భుజాల మీదికి జారిన ఇనుప వలయాల జాలం, మోకాళ్ళకీ మోచేతులకీ పలకలు, పాదాల కింద సింహం. యుద్ధంలో పెట్టుకునే పెద్ద శిరస్త్రాణం తల కింద దిండులా ఉంది. అంతా రాయే. ఆ జాలంలో ప్రతి వలయమూ పక్కదానిలో చిక్కుకుని ఉంది. చేతి తొడుగులో ఒక్కో వేలికీ చిన్న చిన్న రేకులు, ఒక్కో రేకుకీ మేకు తల. ఆరు వందల ఏళ్ళు దాటినా, ఇప్పుడే లేస్తే ఆ రేకులు చప్పుడు చేస్తాయనిపించింది.

బాబాయ్ చెయ్యి తనంతట తానే ముందుకు వెళ్ళింది. "చాచా, హాథ్ నహీ," అంటూ గార్డు వచ్చాడు.

"ముట్ట తమ్మీ, ముట్ట," అని చేతులు వెనక్కి కట్టుకున్నాడు బాబాయ్. "గిది రాయంటె నమ్మబుద్ధైతలేదు బిడ్డా. రేకు మీద రేకు ఎట్ల ఎక్కిచ్చిండో సూడు. మోకాలు వంగుతది, కత్తి దిగది. గీ పని తెలిసినోడే చెక్కిండు."

పక్కనున్న పలక చదివాను. ముఖం ఆ దొరదేనని చెప్పలేమట, అప్పట్లో ముఖాలు చాలావరకు ఒకే మూసలో చెక్కేవారట. కవచం మాత్రం నాటి కవచాలకు అచ్చంగా సరిపోతుందట. మా ఇంట్లో జరుగుతున్నది దీనికి తలకిందులు కదా అనుకున్నాను. ముఖం నాన్నదే, బట్టలే ఎవరివో.

ఈలోగా బాబాయ్ బొమ్మ పక్కన గొంతుకూర్చున్నాడు. "బిడ్డా, ఇటు రా. గీ గొలుసులు సూసినవా?" దొర ఛాతీ నుంచి రెండు గొలుసులు కిందికి దిగాయి. ఒకటి కత్తి పిడికి, ఇంకొకటి బాకుకి. ముందు నుంచి చూసి, అలంకారం అనుకున్నాను.

"గిది మన తాడే! పైన పనిజేసేటప్పుడు పానాను తాడుతోని నడుముకు కట్టుకుంటం గదా. చెయ్యి జారినా పానా పడది. మీ నాయిన రోజు పొద్దుగాల గ్యాంగుల అందరి తాళ్ళు గుంజి సూసెటోడు. ఒకదినం నేను కట్టుకోలేదని, ముదీరంటె మేనేజరు, ఆయన ముందల్నే 'ఖలాస్, దిగు కిందికి' అన్నడు. ఆర్నెల్లు మాట్లాడలే నేను."

బయట, ఎండ చుక్కలుగా రాలే మ్యూజియం పెద్ద గుమ్మటం కింద, సముద్రం పక్కన మెట్ల మీద కూర్చుని తమ్ముడికి ఫోన్ చేశాను. కోటు వద్దన్నాను. పని టోపీ, నడుముకి తాడుతో కట్టిన పానా చెక్కించమన్నాను.

"పానా మన ఇంట్లోనే ఉందక్కా, మోటారు బిగించేది దాంతోనే. కూలోడిలా చూపించారని అమ్మ అంటే ఎట్టా? అయినా తాడు ఎందుకంటే ఏం చెప్పేది?"

స్పీకర్‌లో ఆ మాటలు విన్న బాబాయ్ ఫోన్ వైపు వంగాడు. "కింద ఉన్నోళ్ళ కోసమని చెప్పు బిడ్డా. అమ్మకు గూడ అదే చెప్పు."

"అట్టాగే," అన్నాడు తమ్ముడు. "తాడు ఏ పక్కన?"

"కుడి దిక్కు," అన్నాడు బాబాయ్, తన నడుము తడుముకుంటూ.

తిరుగు బస్సులో నాకు మళ్ళీ అనుమానాలు మొదలయ్యాయి. జనాన్ని ఏలి, యుద్ధాలు చేసిన దొరతో నాన్నని పోల్చడం ఏమిటి? ఆ గొలుసు ఆయుధం చేజారకుండా ఆ దొరని కాపాడింది. నాన్న తాడు కింద నడిచేవాళ్ళ తలల్ని కాపాడింది. ఇద్దరూ ఒకటి కాదు. కానీ ఒక మనిషి ఏ పనిలో బతికాడో ఆ పనిముట్లతోనే పడుకోబెట్టడం అవమానం కాదని ఆ రాయి నాకు చూపించింది. అమ్మకి చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. ఆ ఫోన్ నేనే చేస్తాను.

మీరు వెళ్ళేటట్లయితే బొమ్మ ఇంకా ప్రదర్శనలో ఉందో లేదో ముందే కనుక్కోండి. వెళ్ళాక ముఖం దగ్గరే ఆగిపోకుండా పక్కకి వచ్చి, నడుము ఎత్తుకి వంగి చూడండి. వీలైతే చేత్తో పనిచేసే మనిషినొకరిని వెంట తీసుకెళ్ళండి.