రెండొందల ఆంపియర్ల పరువు

రెంటచింతల ఎండలో కాకులు నడిచే పోతాయి. ఎగిరితే రెక్కలు అంటుకుంటాయని వాటి భయం. అలాంటి చోట మా బావ రేకుల షెడ్డు వేసి, నాపరాళ్ళు కోసే మిషన్ పెట్టాడు. వైరింగు నాది. ఇరవై హెచ్‌పీ మోటారుకు తగ్గట్టు పదహారు స్క్వేర్ మందం అల్యూమినియం కేబులు లాగి, నలభై ఆంపియర్ల బ్రేకరు పెట్టాను. ఏడేళ్ళు చక్కగా కోసింది.

ఈ వేసవిలో గోడ అవతలి షెడ్డులో బావ సొంత తమ్ముడు నలభై హెచ్‌పీ మోటారు దించాడు. అన్నదమ్ములకు మాటల్లేవు, మోటార్లే మాట్లాడుకుంటాయి. మర్నాడే బావ యాభై హెచ్‌పీ పాత మోటారొకటి మోసుకొచ్చాడు. దాని అరుపుకు సాగర్ డ్యాములో చేపలు ఒడ్డెక్కాయి. రెండు నిమిషాలకు బ్రేకరు పడిపోయి కరెంటు తెగింది. ఎత్తితే మళ్ళీ పడింది. పడినప్పుడల్లా గోడ అవతల తమ్ముడు చిన్నగా దగ్గేవాడు. ఆ దగ్గు బావకు గొడ్డలి వేటు.

"ఒరేయ్ బామ్మర్దీ, ఆ డబ్బా పీకి రెండొందలది పెట్టు."

"బావా, ఈ మోటారు డెబ్బై ఆంపియర్లు లాగుద్ది. కాలే రేకు మీద పడున్న ఆ కేబులు నలభై మోస్తే గొప్ప. బ్రేకరు కాపలా కాసేదే కేబులుకి. ముందు డెబ్బై స్క్వేర్ కేబులు లాగి, తర్వాత నూరుది పెడదాం."

"కేబులు ఎవుడు చూస్తాడ్రా? డబ్బా మీద నంబరు చూస్తారు గానీ!"

అదీ నిజమే. మా వైపు షెడ్డుకొచ్చిన పెద్దమనిషి ముందు బ్రేకరు నంబరు చూసి, తర్వాతే యజమాని మొహం చూస్తాడు.

నేను నరసరావుపేట వెళ్ళి కేబులు తెచ్చేసరికి, రెండొందల బ్రేకరును బావే బిగించేశాడు. మిషన్ నడుస్తోంది. ఊరందరికీ పిన్ని అయిన ఓ పెద్దావిడ రంపం చల్లబడటానికి పోసే నీళ్ళలో చీలమండల దాకా నిలబడి, ఇనప బల్ల మీద రాయిని రెండు చేతులా తోస్తోంది. ఆ బల్ల కాలిని ఆనుకునే పాత కేబులు దిగుతుంది. దాని తొడుగు మైనంలా కారుతోంది. లోపలి తీగ ఇనుమును తాకితే పిన్ని దక్కదు.

"ఆపు బావా! పిన్ని చస్తది!"

బ్రేకరు వైపు ఉరికాను. బావ కాలరు పట్టాడు.

"మా తమ్ముడు చూస్తండగా ఆపుతావంట్రా?" అని గూబ మీద ఒక్కటిచ్చాడు. ఊళ్ళో చర్చి గంటలన్నీ నా తలలోనే మోగాయి. ఆయన ముంజేయి కొరికాను. ఆయన మోకాలు నా పొట్టలో దిగింది. నా స్పానరు ఆయన భుజం మీద దిగింది.

అప్పుడు కేబులు పేలింది. నీలిమంట రేకుదాకా లేచింది. పిన్ని అరవలేదు. చేతులు బల్లకు అతుక్కుపోయి ఒళ్ళంతా జల్లెడలా ఊగుతోంది. లీకైన కరెంటును నేలలోకి దించాల్సిన ఎర్తు గుంట ఎండకు ఎండిపోయింది. దాంట్లో నీళ్ళు పోయించాల్సింది నేనే, పోయించలేదు. రెండొందల బ్రేకరు మాత్రం ఏమీ పట్టనట్టు నిటారుగా నిలబడి ఉంది.

మెడకు వేలాడుతున్న బావను ఎద్దును ఈడ్చినట్టు ఈడ్చుకుపోయి, కర్రతో బ్రేకరు హ్యాండిల్ మీద ఒక్క దెబ్బ వేసి కిందికి దించాను. పిన్ని కూలబడింది.

బతికింది. అరచేతులు కాలాయి. ఆసుపత్రిలో బావ కనబడగానే కట్టు కట్టిన చేత్తోనే ఆయన చెంప పగలగొట్టి, నొప్పికి తానే కెవ్వుమంది. ఆ తర్వాత తీర్పు చెప్పింది.

"నేను పనిలోకి రావాలంటే ముందు నువ్వు నిలబడాల అబ్బాయ్. ఆ నీళ్ళలో, ఉత్తకాళ్ళతో."

కొత్త కేబులు నీడపట్టున లాగాను. నూరు ఆంపియర్ల బ్రేకరు, కరెంటు లీకైతే సరఫరా తెంచే పరికరం పెట్టాను. ఎర్తు గుంట మళ్ళీ తవ్వి బిందెలకు బిందెలు నీళ్ళు పోశాను. బావ నీళ్ళలో దిగి రెండు అరచేతులూ బల్ల మీద ఆనించాడు. పిన్ని రాళ్ళ గుట్ట మీద కూర్చుంది. గోడ మీద తమ్ముడి తల మొలిచింది.

"ఒరేయ్, అన్నీ బిగించావా?"

అన్నీ రెండేసి సార్లు బిగించాను. "ఒక్క బోల్టే గుర్తుకు రావట్లా బావా," అన్నాను.

బావ పెదాలు ముక్కోటి దేవుళ్ళనూ పిలిచి, ఎందుకైనా మంచిదని మరియమ్మనూ పిలిచాయి. హ్యాండిల్ ఎత్తాను. మోటారు గర్జించింది. బావకేమీ కాలేదు. చేతులు తీయబోయాడు.

"తియ్యబాక! రాయి కొయ్యి," అంది పిన్ని.

కోశాడు. వంకరగా వచ్చింది. పిన్ని ఇంకో రాయి పెట్టమంది.